యూనిట్ లీడర్ తన పతకానికి తానే అర్జీ పెట్టుకోవాలా?

స్కౌట్ మాస్టర్, నెల్లూరు:

మా ట్రూప్ సామాను గది సర్దుతుంటే, చాలా ఏళ్ల కిందట పదవీ విరమణ చేసి ఇప్పుడు మన మధ్య లేని మా పాత స్కౌట్ మాస్టారి లాగ్ పుస్తకాలు దొరికాయి. ఒక శిబిరం పేజీలో ఏ పెట్రోల్ (ట్రూప్‌లోని పిల్లల చిన్న బృందం) ఏం వండింది, ఎవరికి క్లోవ్ హిచ్ ముడి పడలేదు, ఎవరి కాలికి కొత్త చెప్పులు కరిచాయి అన్నవన్నీ రాసి, చివర ‘ఆరో తరగతి పిల్లవాడికి రాత్రి జ్వరం. రెండింటికి, నాలుగింటికి లేచి చూశాను. తెల్లవారాక తగ్గింది’ అని ముగించారు. అదే పుస్తకంలో మడతపెట్టిన అవార్డు దరఖాస్తు ఒకటి ఉంది. పేరు, పుట్టిన తేదీ, పొందిన శిక్షణ అన్నీ నింపారు గానీ, ‘మీరు చేసిన విశిష్ట సేవలు’ అన్న చోట ఒక్క అక్షరం లేదు. ఆ దరఖాస్తు ఎక్కడికీ వెళ్లలేదు, ఆయనకు ఏ పతకమూ రాలేదు.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పెద్దలకిచ్చే గౌరవాలకు కొదవ లేదు. థ్యాంక్స్ బ్యాడ్జ్, లాంగ్ సర్వీస్ డెకరేషన్, మెడల్ ఆఫ్ మెరిట్, దానికి అదనంగా ఇచ్చే బార్, సిల్వర్ స్టార్, అన్నిటికంటే పైన సిల్వర్ ఎలిఫెంట్ ఉన్నాయి. నా ప్రశ్న ఇవి మనిషిని చేరే దారి గురించి. నేను ఇన్నేళ్లుగా చూసింది ఏమిటంటే, అవార్డులకు పేర్లు పంపమని కబురు రాగానే పిల్లల యూనిట్‌ను నడిపే లీడర్ తన ఫొటోలు, పత్రికల్లో పడిన ముక్కలు, ధ్రువపత్రాలు తానే పోగుచేసి, తన గొప్ప తానే రాసుకుని ఫైలు పట్టుకుని వెళ్లాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన రోజుల్లో, నాకు తెలిసిన ఇద్దరు లీడర్లు కోవూరు వైపు ముంపు ఇళ్లవారికి అన్నం పొట్లాలు కట్టి పంచుతూ మూడు రోజులు నిద్రపోలేదు. అప్పుడు ఫొటో తీసే ధ్యాస ఎవరికీ లేదు. వారి ఫైళ్లలో ఆ వారం ఖాళీగానే ఉంది.

స్కౌట్లకు రాష్ట్ర స్థాయిలో ఇచ్చే రాజ్య పురస్కార్ కోసం వచ్చిన పిల్లవాణ్ణి బయటి పరీక్షకుల ముందు నిలబెడతాం. తనకు ముడులు వచ్చునని తానే సంతకం పెడితే ఒప్పుకోం. పెద్దల దగ్గరకు వచ్చేసరికి ఈ పద్ధతి తలకిందులు కావడం నాకు మింగుడుపడదు. అమెరికా స్కౌట్లలో 1931 నుంచి ఉన్న సిల్వర్ బీవర్ అవార్డుకు ఎవరి పేరు వారు పంపుకోకూడదు, ఇతరులే ప్రతిపాదించాలి, ఆ సంగతి సదరు వ్యక్తి చెవిన పడనివ్వకూడదు. మనం కూడా సొంత దరఖాస్తును పూర్తిగా ఎత్తివేసి, పాత స్కౌట్లు, తల్లిదండ్రులు, తోటి లీడర్లు రాసిన ప్రతిపాదనలనే తీసుకోవాలని నా అభిప్రాయం.

ప్రధానోపాధ్యాయుడు, కనిగిరి ప్రాంతం:

మాస్టారూ, ఆ లాగ్ పుస్తకం సంగతి చదివి మనసు కలుక్కుమంది. అయినా మీ ప్రతిపాదనకు మాత్రం నేను ఒప్పుకోలేను. నెల్లూరులో మీ ట్రూప్ మైదానం పక్కనుంచి రోజుకు పదిమంది పెద్దలు పోతుంటారు, మీ జెండా వందనం వారి కంట పడుతుంది. మా పల్లెలో శనివారం సాయంత్రం గైడ్లు (ఆడపిల్లల విభాగం) కవాతు చేస్తే చూసేది బడి గోడ మీద కూర్చున్న చిన్న పిల్లలే. తల్లిదండ్రుల్లో సగం మంది పనులకు వలస వెళ్లి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. పదో తరగతి దాటిన పాత గైడ్లు కూడా చదువులకనో పెళ్లయ్యో ఊరు విడిచినవారే. ఇక ప్రతిపాదన రాసేదెవరు? కార్యాలయంలో పరిచయాలున్న వారికి నలుగురు రాస్తారు, మా వారికి ఒక్కరూ రాయరు. అర్జీ అన్నది ఎవరి సిఫారసూ లేనివాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క కాగితం, దాన్నీ లాగేసుకోకండి. జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలకు 2018 నుంచి ఉపాధ్యాయులే నేరుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. పైవారి దయ కోసం ఎదురుచూడకుండా మారుమూల బడి పంతులు కూడా తన పని చూపించుకోగలిగే ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా హర్షించాను.

ఒక్క మాట మాత్రం మీ వైపు చెప్పాలి. మా గైడ్ కెప్టెన్, అంటే గైడ్ల లీడర్, దరఖాస్తు నింపమంటే ‘అందరూ చేసేదే కదా సార్, ఇందులో రాయడానికేముంది’ అని వారం రోజులు దాటవేశారు. చివరికి నేనే పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అడిగాను. ఎండాకాలం శిబిరానికి నడిచి వెళ్తూ ఒక అమ్మాయి వడదెబ్బకు పడిపోతే, ఈమె తన చున్నీ తడిపి ఆ పిల్లకు చుట్టి, చెట్టు నీడకు మోసుకెళ్లి, ఆటో వచ్చేదాకా చెంచాతో నీళ్లు తాగించారు. ఏడాది తర్వాత, అదీ నేను అడిగితేనే, ఈ విషయం బయటికి వచ్చింది. దరఖాస్తు ఉండాలి, దాన్ని రాసే చెయ్యి మాత్రం వేరే మనిషిది కావాలేమో.

మాజీ రోవర్ (స్కౌట్లలో యువకుల విభాగం), ఒంగోలు:

అసలు పెద్దలకు పతకాలు ఎందుకన్నది నా సందేహం. 1919 సెప్టెంబరులో గిల్‌వెల్ పార్కులో స్కౌట్ లీడర్లకిచ్చే వుడ్ బ్యాడ్జ్ శిక్షణను మొదటగా పూర్తిచేసిన వారికి స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ ఇచ్చింది, జులూ రాజు దినుజులుదని చెప్పే హారంలోని కొయ్యపూసలు. మా మాస్టారి మెడలో అలాంటి రెండు పూసలే, హిమాలయ వుడ్ బ్యాడ్జ్‌వి, ఉండేవి. వాటిని చూసే మేము ఆయన మాట విన్నాం. ఆయనకు పతకం ఉందో లేదో మాలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. సభలకూ శాలువలకూ పెట్టే డబ్బుతో ప్రతి యూనిట్‌కు ఒక మంచి గుడారం కొనివ్వండి.

గైడ్ కెప్టెన్, కావలి:

తమ్ముడూ, గుడారం మాట నిజమే, మాకూ చిరిగినదే ఉంది. కానీ పూసలకూ పతకానికీ తేడా ఉంది. నేను ఏం నేర్చుకున్నానో పూసలు చెబుతాయి. నేర్చుకున్నదాన్ని పట్టుకుని తరవాత పదిహేనేళ్లు నేను చేసిన పనిని ఒకరు చూశారని అవి చెప్పవు. ఆడవాళ్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. సెలవు రోజు యూనిఫాం వేసుకుని శిబిరానికి బయలుదేరిన ప్రతిసారీ ఇంట్లో ‘దీనివల్ల నీకు వచ్చేదేమిటి’ అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. లాంగ్ సర్వీస్ డెకరేషన్ వచ్చిన సాయంత్రం మా అత్తగారు ఆ పతకాన్ని చీర కొంగుతో తుడిచి, బీరువాలో తన నగల పెట్టె పక్కన పెట్టారు. ఆ తర్వాత నేను శిబిరానికి వెళ్తుంటే పులిహోర కట్టిచ్చింది ఆవిడే. గౌరవం ఉద్యమానికి ఏం మేలు చేస్తుందని అడిగితే నేను ఇదే చెబుతాను: ఆ పతకం రాకపోతే ఆ ఏడాదితో నేను మానేసి ఉండేదాన్ని, ముప్పై మంది గైడ్ల కంపెనీ (మా యూనిట్) మూతపడేది.

అయితే అది నాకు రావడానికి నేను పడిన తిప్పలు ఎవరికీ వద్దు. మధ్యలో బదిలీ అయింది. పాత చోట చేసిన ఎనిమిదేళ్లకు ఆధారం చూపమన్నారు. ఆ రికార్డు మా దగ్గర లేదని ఒక కార్యాలయం, ఇక్కడికి రాలేదని మరొక కార్యాలయం చెబుతుంటే రెండేళ్లు తిరిగాను. వారెంట్ (లీడర్ నియామక పత్రం) ఇచ్చిన తేదీ ఇచ్చినవారి పుస్తకంలో ఉన్నప్పుడు, ఏళ్లు లెక్కపెట్టే పని నాది ఎందుకు కావాలి? సర్వీసు పతకానికి అర్జీ అక్కర్లేదు, ప్రతిపాదన కూడా అక్కర్లేదు. ఏళ్లు నిండగానే కార్యాలయమే కబురు పంపాలి. ప్రతిభకిచ్చే మెడల్ ఆఫ్ మెరిట్ వంటి వాటికే హెడ్మాస్టరు గారు చెప్పిన ‘వేరే చెయ్యి’ కావాలి.

ఆ చెయ్యి ఎవరిదో కూడా చెబుతాను. మా గైడ్లు రొట్టెల పండుగకు నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర సేవ చేస్తారు. తప్పిపోతారేమోనని చిన్న పిల్లల అరచేతుల మీద తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు పెన్నుతో రాస్తూ, స్వర్ణాల చెరువు గట్టున పొద్దంతా నిలబడతాం. అక్కడ కోరిక ఉన్నవారు రొట్టె తమంతట తాము తీసుకోరు. కోరిక తీరినవారు తెచ్చి వారి చేతిలో పెడతారు. మన దగ్గర కూడా మేలు పొందిన పిల్లలే రాయాలి, వలస వెళ్లినా సరే ఫోన్‌లో చెబితే రాసుకునేవారు ఒకరుంటే చాలు.

స్కౌట్ మాస్టర్, నెల్లూరు:

సొంత దరఖాస్తును పూర్తిగా ఎత్తివేయాలన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కనిగిరి వైపు బడులను నేను లెక్కలోకి తీసుకోలేదు, అది నా పొరపాటే. కెప్టెన్ గారు సర్వీసుకూ ప్రతిభకూ చేసిన విభజన ఈ చిక్కుకు చాలా వరకు పరిష్కారం. ఇకపై లీడర్ తన పేరు తాను ఇచ్చుకోవచ్చు, ‘విశిష్ట సేవలు’ అన్న భాగం మాత్రం మరో యూనిట్ లీడర్ వచ్చి, ఒక సమావేశం చూసి, ఇద్దరు పాత పిల్లలతో మాట్లాడి నింపాలి. మారుమూల యూనిట్లకు ఎవరు పోతారన్న ప్రశ్న వస్తుంది కాబట్టి ముందుగా నా పేరు రాసుకోండి. కనిగిరికి నేను వస్తాను. వారెంట్ తేదీల జాబితాను సంస్థ వ్యవస్థాపక దినమైన నవంబరు 7 నాటికి నోటీసు బోర్డు మీద పెట్టమని మా జిల్లా కార్యాలయానికి లేఖ రాసి ఇచ్చాను, మిగతావారు కూడా తమ జిల్లాల్లో అడగండి.

మాజీ రోవర్ గారి ప్రశ్నకు నా దగ్గర వాదనేమీ లేదు. పతకం లేకుండానే మా మాస్టారు గొప్పవారు. కానీ ఆయన పేరు ఏ జాబితాలోనూ లేకపోవడం వల్ల, మా ట్రూప్‌లో ఇప్పుడున్న పిల్లలకు ఆయన ఎవరో తెలియదు. లాగ్ పుస్తకంలో ఆ శిబిరానికి వెళ్లినవారి పేర్లు ఇరవై నాలుగు ఉన్నాయి. వారిలో ముగ్గురి ఆచూకీ దొరికింది. ఒకరు గూడూరులో ఉన్నారు, ఆదివారం వెళ్లి కలుస్తున్నాను. ఖాళీగా ఉన్న ఆ దరఖాస్తును కూడా వెంట తీసుకెళ్తున్నాను.