జైల్లో తోటి ఖైదీలు కొడితే ప్రభుత్వానికి సంబంధం లేదా?

గోదారిగట్టు:
మా పిన్ని కొడుకు ఒక కొట్లాట కేసులో రిమాండ్‌లో ఉన్నాడు. పోయిన వారం ములాఖత్‌కి వెళ్తే ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది, పై పెదవికి కుట్లు. బ్యారక్‌లో పడుకునే చోటు దగ్గర మాటామాటా పెరిగి నలుగురు మీదపడి కొట్టారట. అక్కడున్నాయన్ని అడిగితే "వాళ్లలో వాళ్లు కొట్టుకుంటే మేమేం చేస్తామమ్మా, బుద్ధిమంతులైతే ఇక్కడికెందుకొస్తారు" అన్నాడు మా పిన్నితో. వీడేమో ఎవరికీ చెప్పొద్దు, చెబితే మళ్లీ పడతాయి అని బతిమాలుతున్నాడు. కొట్టింది ఖైదీలే కదా, మరి జైలువాళ్లని అడిగే హక్కు మనకుందా, లేక ఖర్మ అనుకుని ఊరుకోవాలా?

నిప్పులాంటోడు:
మీ తమ్ముడి సంగతి నాకు తెలీదు, అతను మంచివాడే కావచ్చు. కానీ జైలంటే అత్తారిల్లు కాదు కదండీ. రౌడీలు రౌడీలు కొట్టుకుంటే దానికీ నష్టపరిహారం అంటే అది మన పన్ను డబ్బే. బయట దెబ్బలు తిన్నవాడికి ప్రభుత్వం ఏమిస్తోంది?

కోర్టుపక్షి:
అత్తారిల్లు కాదు కాబట్టే అడిగేది. అత్తారింట్లో పడకపోతే చెప్పులేసుకుని వచ్చేయొచ్చు. జైల్లో ఎవరి పక్కన పడుకోవాలో కూడా మన చేతిలో ఉండదు. పైగా దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి 75 మంది దాకా ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే.

ఈ విషయంలో సుప్రీంకోర్టు మాట చెప్పింది మన అప్పటి కర్నూలు జిల్లా కేసులోనే. 1977 మేలో కోయిలకుంట్ల సబ్ జైలు మీద అర్ధరాత్రి దాటాక బాంబులు వేశారు. లోపల రిమాండ్‌లో ఉన్న చల్లా చిన్నప్పరెడ్డి చనిపోయారు, కొడుకు రామకృష్ణారెడ్డి (తర్వాత ఎమ్మెల్యే అయినాయన) గాయాలతో బయటపడ్డారు. మాకు ప్రాణభయం ఉందని వాళ్లు ముందే మొత్తుకున్నా కాపలా సరిగ్గా పెట్టలేదు. జైలు నడపడం రాజ్యాధికారంలో భాగం, మామీద దావా కుదరదు అని ప్రభుత్వం వాదించింది. కింది కోర్టు దావా కొట్టేసింది, హైకోర్టు 1,44,000 రూపాయలు ఇవ్వమంది, సుప్రీంకోర్టు 2000లో దాన్నే ఖాయం చేసింది. జైల్లో ఉన్నా మనిషికి ప్రాణహక్కు పోదు, ఆ వాదన దాని ముందు నిలవదు అని. అక్కడ బాంబులేసింది బయటివాళ్లు, జైలు సిబ్బంది కాదు. అయినా బాధ్యత తప్పలేదు, మరి లోపల ప్రభుత్వమే పక్కన పడుకోబెట్టినవాడు కొడితే ఎలా తప్పుతుంది?

2017లో ఇంకో ఉత్తర్వు ఉంది. 2012 నుంచి 2015 దాకా జైళ్లలో అసహజంగా చనిపోయినవాళ్ల కుటుంబాలను గుర్తించి పరిహారం ఇప్పించండి, మీ అంతట మీరే కేసు తీసుకోండి అని సుప్రీంకోర్టు అన్ని హైకోర్టులకూ చెప్పింది.

పాత వార్డర్:
ఈ శాఖలోనే చేసి రిటైరయ్యాను కాబట్టి రెండో వైపు కూడా వినండి. మా దగ్గర సాయంత్రం తలలు లెక్కపెట్టి తాళం వేశాక, రాత్రి బీటు తిరిగే వార్డర్ చేతిలో బ్యారక్ తాళం ఉండదు. లోపల ఒకడి గొంతు పిసుకుతున్నా మేం ఊచల బయట నిలబడి అరవాలి, విజిల్ వేయాలి, పైవాళ్లు తాళాలతో వచ్చేదాకా ఆగాలి. పోస్టులు చూస్తే ఏళ్ల తరబడి ఖాళీ. నిప్పులాంటోడు గారూ, మీరు ఒక్క రాత్రి ఆ డ్యూటీ చేసి మాట్లాడండి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. రాత్రి ఏం జరగబోతోందో చాలావరకు పగలే తెలిసిపోతుంది. ఎవడికి ఎవడితో పడదు, ఎవడు ఏ ముఠా, ఏ బ్యారక్‌లో ఏం దాచారు, ఇవన్నీ హెడ్ వార్డర్‌కి తెలియకుండా ఉండవు. 2008 నవంబర్‌లో అనంతపురం జైల్లో మొద్దు శీనుని తోటి ఖైదీ ఓం ప్రకాశ్ డంబెల్‌తో కొట్టి చంపాడు. శీను అంటే పరిటాల రవి హత్య కేసులో నిందితుడు, రాష్ట్రమంతా పేరు తెలిసిన ఖైదీ. అలాంటివాడు పడుకున్న చోట అంత బరువున్న వస్తువు అవతలివాడి చేతికి అందేలా ఎందుకుంది? ఓం ప్రకాశ్‌కి యావజ్జీవం పడింది, 2020లో ఖైదీగానే జబ్బుచేసి పోయాడు. చంపినవాడి లెక్క తేలింది సరే, ఆ డంబెల్ లెక్క మాత్రం జైలుదే.

నిప్పులాంటోడు:
సిబ్బంది లేరు, తాళాలు లేవు అని మీరే అంటున్నారు. మరి సిబ్బంది ఉంటే ఆగుతాయా?

కోర్టుపక్షి:
ఉన్నా ఆగలేదు, ఢిల్లీ తీహార్ జైల్లో చూశాం. 2023 మే 2 తెల్లవారుజామున టిల్లూ తాజ్‌పురియా అనే ముఠా నాయకుడి మీద ప్రత్యర్థి ముఠావాళ్లు పడ్డారు. పై అంతస్తు నుంచి దుప్పట్లు కట్టుకుని దిగారు. పొడిచి పడేశాక అతన్ని మోసుకొస్తుంటే, భద్రతకు పెట్టిన తమిళనాడు స్పెషల్ పోలీసుల ఎదుటే మళ్లీ పొడిచారు. ఆ సీసీ ఫుటేజీ దేశమంతా చూసింది. అతను చేసిన నేరాలు ఏవైనా కానివ్వండి, యూనిఫాం వేసుకున్నవాళ్లు పక్కన నిలబడి చూడటానికి జీతం ఇచ్చేది కూడా మన పన్నుల్లోంచే.

గోదారిగట్టు గారూ, మీ పనికి వద్దాం. సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. కుట్లు వేసినప్పటి వైద్య రికార్డు, ఆ రోజు సీసీ ఫుటేజీ భద్రపరచమని అందులో అడగండి, ఆలస్యం చేస్తే ఫుటేజీ చెరిగిపోతుంది. రిమాండ్ పొడిగింపు వీడియోలో జరిగితే పక్కనే జైలువాళ్లుంటారు, కుర్రాడు నోరు తెరవడు. అందుకే లాయర్ చేత మెజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయించండి. లాయర్‌కి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఉచితం, ఫోన్ 15100.

గోదారిగట్టు:
చాలా థ్యాంక్సండీ. పిన్ని ముందు బ్యారక్ మార్పించమంటోంది. కొట్టినవాళ్ల పేర్లు రాయాలా వద్దా అనేదే టెన్షన్.

పాత వార్డర్:
మారేదాకా రాయకండి బాబూ. అర్జీలో ఏముందో సాయంత్రానికి లోపల అందరికీ తెలిసిపోతుంది. తేదీ, టైము, బ్యారక్ నంబర్ చాలు. పేర్లు మెజిస్ట్రేట్‌కి విడిగా చెప్పించండి.