పేల్ ఏల్‌లో చేదు కోసం ఏ హాప్స్ వేయాలి?

కందుకూరు బ్యారను:

అందరికీ నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. ఉద్యోగం అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో. అక్కడి చట్టం ఒప్పుకుంటుంది కనుక ఏడాదిన్నరగా ఇంట్లోనే బీరు కాచుకుంటున్నాను. ప్రస్తుతం సెలవు మీద ఊళ్ళో ఉన్నాను. వచ్చే నెల తిరిగి వెళ్ళగానే పేల్ ఏల్ (లేత రంగు బీరు రకం) మళ్ళీ కాయాలని ఉంది, కానీ పోయిన విడత చెడిపోయింది కాబట్టి ముందుగా మీ సలహా అడుగుతున్నాను.

నేను అనుసరించిన కొలత 20 లీటర్లకు, మాల్టు (మొలకెత్తించిన బార్లీ) రసం ఆరంభ సాంద్రత, నీటిని 1గా లెక్కిస్తే, 1.050. మరుగు పట్టగానే 40 గ్రాముల కాస్కేడ్ రకం హాప్స్ (బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పువ్వులు) వేసి 60 నిమిషాలు మరిగించాలని, ఆఖరి 5 నిమిషాల్లో 28 గ్రాములు, దించాక మరో 28 గ్రాములు వేయాలని అందులో ఉంది. అంగడిలో కాస్కేడ్ రెండు పొట్లాలే మిగిలి ఉండటంతో వాటిని ఆఖరి వాసన కోసం దాచుకుని, మొదట వేయవలసిన చోట కొలంబస్ అనే రకాన్ని అదే 40 గ్రాములు వేశాను.

తాగబోతే నారింజ తొక్క వాసన చక్కగానే వచ్చింది. మింగిన తరువాత మాత్రం నేలవేము కషాయం తాగినట్టు గొంతు వెనక చేదు పట్టుకుని, పది నిమిషాలైనా వదల్లేదు. మా బావమరిది ఒక గ్లాసు పూర్తి చేసి, రెండోది పోయవద్దని ఎంతో మర్యాదగా చెప్పాడు.

కొలంబస్ మోటు రకమని, కోహ్యుములోన్ (హాప్స్ చేదు ఆమ్లాలలో ఒకటి) తక్కువగా ఉన్న రకం కొనుక్కోమని అక్కడి మిత్రుడు ఒకరు అన్నారు. మాగ్నం, వారియర్, చినూక్, ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్, వీటిలో మృదువైన చేదు దేనికి వస్తుందో తెలిసినవారు చెప్పగలరు.

ఒంగోలు మాష్టారు:

నాయనా, నేను రసాయనశాస్త్రం చెప్పి విరమించినవాడిని. బీరు కాచిన అనుభవం లేదు, కాబట్టి రుచి సంగతి ఇతరులకు వదిలి లెక్క వరకు చెబుతాను. మీరు రకాన్ని తప్పు పడుతున్నారు గాని, తప్పు తూకంలో ఉంది.

హాప్ పువ్వు రేకుల అడుగున పసుపు పొడిలా ఉండే జిగురులో ఆల్ఫా ఆమ్లాలు ఉంటాయి. అవి ఉన్నవి ఉన్నట్టుగా రసంలో సరిగా కరగవు. బాగా మరిగినప్పుడు వాటి అణువు అమరిక మారి ఐసో ఆల్ఫా ఆమ్లాలు అవుతాయి. రసంలో కరిగేవీ, నాలుకకు చేదు తగిలించేవీ ప్రధానంగా ఇవే. అందుకే పొట్లం మీద ఆల్ఫా శాతం అచ్చు వేస్తారు. ఆ అంకె చూడకుండా ఒక రకం బదులు మరో రకాన్ని అదే తూకంలో వేయడం, పచ్చిమిరపకాయల బదులు అన్నే గుంటూరు ఎండుమిరపకాయలు వేసినట్టు అవుతుంది.

మీ అంకెలే తీసుకుందాం. కాస్కేడ్ శాతం సుమారు 5.5 అనుకుంటే, 40 గ్రాములలో ఆల్ఫా ఆమ్లాలు 2.2 గ్రాములు, అంటే 2,200 మిల్లీగ్రాములు. దానిని 20 లీటర్లకు పంచితే లీటరుకు 110. బీరు చేదును అంచనా వేసే టిన్‌సెత్ సూత్రం ప్రకారం 1.050 సాంద్రత ఉన్న రసాన్ని 60 నిమిషాలు మరిగిస్తే అందులో 23 శాతం మాత్రమే చేదుగా మారుతుంది కాబట్టి మీకు దక్కేది దాదాపు 25 ఐబీయూ (బీరు చేదును కొలిచే అంకె). కొలంబస్ శాతం 15 అనుకుంటే అదే లెక్కలో లీటరుకు 300 మిల్లీగ్రాములు, చేదు దాదాపు 69. కొలతలో ఉన్న చేదుకు ఇది రెండున్నర రెట్ల కన్నా ఎక్కువ. పేల్ ఏల్ అనిపించుకోవాలంటే మొత్తం చేదు సాధారణంగా 30 నుంచి 50 మధ్య ఉంటుందని చదివాను. మీకు కావలసిన కొలంబస్ 14 గ్రాములైతే, వేసినది 40.

60 నిమిషాల బదులు 90 నిమిషాలు మరిగించినా చేదు 7 శాతమే పెరుగుతుంది. 30 నిమిషాలకు దించితే మాత్రం చేదులో దాదాపు నాలుగో వంతు పోతుంది. అందుకని గంటను మార్చకుండా తూకాన్నే సరిచేసుకోవడం మేలు.

పెన్నగట్టు:

మాష్టారు గారి లెక్కకు తిరుగు లేదు. నేను నెల్లూరు వాడినే. బెంగళూరులో లైసెన్సు ఉన్న ఒక చిన్న బ్రూవరీలో నాలుగేళ్ళు పనిచేసి వచ్చాను కాబట్టి చేతి అనుభవం కొంత చెబుతాను.

అన్నా, మొదటి గంట మరుగులో హాప్స్ వాసన దాదాపు అంతా ఆవిరితో పోతుంది. చేదుకు వేసే హాప్స్‌కు ఖరీదైన సువాసన అక్కర్లేదని మేము అనుకునేవాళ్ళం. అక్కడ కావలసింది ఆల్ఫా ఎక్కువగా ఉండి తన రుచిని ముందుకు తోయని రకం. నా ఓటు మాగ్నంకే. జర్మనీలోని హ్యూల్ పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం అది, ఆల్ఫా 11 నుంచి 16 శాతం దాకా ఉంటుంది. 12 శాతం పొట్లమైతే మీకు 18 గ్రాములు సరిపోతుంది. వారియర్ కూడా ఇంచుమించు అలాంటిదే, ఇంకాస్త తక్కువ వేసుకోవాలి. చినూక్ దేవదారు జిగురు, పంపరపనస కలిపిన రుచిని చేదుతో పాటు వెంట తెస్తుంది. అది ఇష్టమైనవారికి బాగుంటుంది గాని మీ బావమరిదికి మాత్రం ఇప్పుడే వద్దు.

ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ మంచి హాప్స్, అందులో సందేహం లేదు. అయితే దాని ఆల్ఫా 5 శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి అదే చేదుకు 43 గ్రాములు పడుతుంది. అంత ఆకు గిన్నెలో గంటసేపు ఉడికితే కొంత గడ్డి వగరు దిగుతుంది, పైగా ఆ పిప్పి పీల్చుకున్న రసమంతా మీకు నష్టమే. కాస్కేడ్‌ను మొదటి మరుగుకు వాడటంలో తప్పేమీ లేదు గాని, దాని నారింజ వాసన పొయ్యి పాలు కావడం నాకు మనసొప్పదు.

కోహ్యుములోన్ సంగతి చెప్పాలంటే, అది ఎక్కువైతే చేదు గరుకుగా ఉంటుందన్న మాట ఏళ్ళ తరబడి నడుస్తోంది. మాగ్నం ఆల్ఫాలో అది దాదాపు నాలుగో వంతు, చినూక్‌లో దాదాపు మూడో వంతు ఉంటుంది. చేదును ఒకే అంకెకు తెచ్చి రెండింటినీ పక్కపక్కన తాగితే నాకు తేడా కనిపించిందా అంటే, కొద్దిగానే. అది కూడా చినూక్ రుచి వల్లనే అనుకుంటాను. కొనేటప్పుడు ఆ అంకె కన్నా పంట సంవత్సరాన్ని ముందు చూడండి.

మీ పేరులోనే బ్యారను (పొగాకు ఆరబెట్టే కొట్టు) ఉంది కాబట్టి ఇది సులువుగా అర్థమవుతుంది. బేలు కట్టిన పొగాకు గోదాములో కాలం గడిచే కొద్దీ పదునెక్కుతుంది, హాప్స్ మాత్రం గాలీ వేడీ తగిలిన రోజు నుంచే దిగజారుతాయి. ముఖ్యంగా కొలంబస్ త్వరగా పడిపోతుంది. మాగ్నం కొంత ఓర్చుకుంటుంది. పొట్లం విప్పగానే మురిగిన ఛీజు లేదా విడిచిపడేసిన మేజోళ్ళ వాసన వస్తే, దాని మీద అచ్చు వేసిన శాతాన్ని నమ్మవద్దు. గాలి తీసి మూసిన పొట్లం కొని, మిగిలినది మళ్ళీ గాలి లేకుండా కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

ఒక్క ప్రశ్న. నీళ్ళలో ఏమైనా కలిపారా?

కందుకూరు బ్యారను:

మాష్టారు గారికీ, తమ్ముడికీ కృతజ్ఞతలు. తూకం సంగతి చదివాక నవ్వూ సిగ్గూ రెండూ కలిగాయి. పొట్లం ఫొటో ఫోనులో ఉంటే తెరిచి చూశాను, కొలంబస్ 15.2 శాతం అని స్పష్టంగా ఉంది. పొగాకు బేలు దగ్గర ఆకును వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి గ్రేడు చెప్పే ఇంట్లో పుట్టి, అచ్చు వేసిన అంకెను చదవలేదు! పెల్లెట్లు (హాప్స్‌ను పొడి చేసి అదిమిన గుళికలు) చిదిపినప్పుడు వేళ్ళకు పట్టిన పసుపు జిగురు మాత్రం బాగా గుర్తుంది. ఆకు కోసి వచ్చిన మా అమ్మ చేతులకు అంటుకుని సబ్బుకు కూడా వదలని నల్ల జిగురే తలపుకు వచ్చింది.

నీళ్ళలో జిప్సం కలిపాను. ఇంగ్లండులోని బర్టన్ ఊరి నీళ్ళలో జిప్సం ఉండబట్టే అక్కడి పేల్ ఏల్‌కు పేరు వచ్చిందని చదివి, 20 లీటర్లకు 10 గ్రాములు వేశాను. పోర్ట్‌లండ్‌లో మాకు కుళాయికి వచ్చే బుల్ రన్ నది నీళ్ళు చాలా మెత్తనివి, మా ఊరి బోరు నీళ్ళలా ఉప్పగా ఉండవు.

పెన్నగట్టు:

అయితే రెండో కారణం కూడా దొరికింది. 20 లీటర్లలో 1 గ్రాము జిప్సం వేస్తే సల్ఫేటు లీటరుకు 28 మిల్లీగ్రాములు పెరుగుతుంది కాబట్టి, మీరు 10 గ్రాములతో 280 తెచ్చుకున్నారు. సల్ఫేటు చేదును పుట్టించదు గాని, ఉన్న చేదును పొడిగా, పదునుగా నిలబెడుతుంది. 69 ఐబీయూ మీద అది తోడైతే నేలవేమే మరి. ఈసారి 4 గ్రాములకు మించవద్దు. వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు చేనిలో చల్లే జిప్సం కాకుండా, ఆహారానికి పనికివచ్చే జిప్సమే కొనండి.

కావలి కుర్రాడు:

ఇంత చదివాక నాకూ ఆశ పుట్టింది. హాప్స్ తెప్పించుకుని ఇక్కడే ఇంట్లో కాచుకోవచ్చా? మొక్క తెచ్చి పెరట్లో పెంచితే ఎలా ఉంటుంది?

ఒంగోలు మాష్టారు:

కాచకూడదు, బాబూ. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం, ఇంట్లో తాగడానికి అన్నా చెల్లదు. అమెరికాలో 1978 నాటి చట్టం వయోజనులకు సొంత వాడకం కోసం, ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు వెసులుబాటు ఇచ్చింది కనుక ఆయనకు చెల్లుతోంది. మొక్క విషయానికి వస్తే, హాప్ తీగకు చలికాలపు నిద్ర, వేసవిలో దీర్ఘమైన పగళ్ళు కావాలి. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండిస్తారు. కావలి ఎండకు అది పందిరి ఎక్కదు.

కందుకూరు బ్యారను:

అక్కడి అంగడి జాబితాలో మాగ్నం పొట్లం 13.1 శాతం అని కనిపించింది. మాష్టారి లెక్క వేస్తే నాకు 16.5 గ్రాములు వచ్చింది. 25 ఐబీయూ మొదటి మరుగులో, ఆఖరి 5 నిమిషాల కాస్కేడ్‌తో మరో 3 లేక 4. సరేనా?

ఒంగోలు మాష్టారు:

సరిగ్గా వచ్చింది. అయితే వంటింటి త్రాసు మీద అర గ్రాము తెలియదు. నగల తూకానికి వాడే చిన్న త్రాసు ఒకటి కొనుక్కోండి.

పెన్నగట్టు:

అన్నా, కాచిన తరువాత మిగిలే హాప్ పిప్పిని కుక్కకు అందేలా పారేయవద్దు. అది తింటే కుక్క ఒళ్ళు విపరీతంగా కాలిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పోర్ట్‌లండ్‌లో మీకు కుక్క లేకపోయినా, పక్కింటివారికి ఉంటుంది.