60 రోజుల కౌంటీ జైలు శిక్ష: తమ్ముడు అసలు ఏ రోజు బయటికొస్తాడు?

మా తమ్ముడికి కాలిఫోర్నియాలో తాగి కారు నడిపిన కేసులో 60 రోజుల కౌంటీ జైలు శిక్ష పడింది. వచ్చే వారం లోపలికి వెళ్లాలి. అక్కడి పీనల్ కోడ్ 4019 సెక్షన్ ప్రకారం, గొడవల్లేకుండా ఉంటే రెండు రోజులు గడిపినా నాలుగు రోజుల కింద లెక్కేస్తారని లాయర్ గారు చెప్పారు. అంటే దాదాపు 30 రోజులు. అరెస్టయిన రోజు లాకప్‌లో ఉన్నది కూడా ఇందులో కలుస్తుందట.

జైలు నిండిపోతే ఇంకా ముందే వదిలేస్తారని కొందరు అంటున్నారు. దాన్ని నమ్ముకోవచ్చా? షెరీఫ్ ఆఫీసు వెబ్‌సైట్‌లో కనిపించే విడుదల తేదీలో ఈ తగ్గింపు ముందే కలిపి ఉంటుందా, లేక తర్వాత మారుతుందా? నేను డల్లాస్ నుంచి వెళ్లాలి, ఏ తేదీకి టికెట్ తీసుకోవాలో తెలియడం లేదు. అర్ధరాత్రి దాటాక బయటికి పంపేస్తారని విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. వాడి లైసెన్స్ కూడా సస్పెండ్ అయింది, బయట ఎవరో ఒకరు ఉండి తీరాలి.

కాలికి మానిటర్ కట్టి ఇంట్లోనే ఉండనిచ్చే పద్ధతికి లోపలికి వెళ్లకముందే దరఖాస్తు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. గుంటూరులో అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. తేదీ తెలిస్తేనే చెప్పగలను.