720720కి 240 కారణాంకాలా? మాకు 8 మాత్రమే వస్తున్నాయి

ప్రశ్న, పలాస నుంచి:
మాస్టార్లకు నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. 720720కి ఎన్ని కారణాంకాలన్న లెక్క పట్టుకుని రెండు రోజులుగా ఇద్దరం కుస్తీ పడుతున్నాం. ప్రధాన కారణాంకాలుగా విడగొడితే 2⁴ × 3² × 5 × 7 × 11 × 13 వచ్చింది. ఘాతాంకాలు 4, 2, 1, 1, 1, 1 గుణిస్తే 8. పుస్తకం వెనుక జవాబు 240. అచ్చుతప్పు అనుకుందామంటే, కాలిక్యులేటర్‌లో 1 నుంచి 16 వరకు దేనితో భాగించినా శేషం రావడం లేదు. అక్కడికే 16 అయ్యాయి కదా! మాది జీడిపప్పు వ్యాపారం. 240 అంటే నాకు పౌనుకు 240కి మించకుండా తూగే రకమే తెలుసు.

జవాబు, విజయనగరం నుంచి:
విడగొట్టడం సరిగ్గానే ఉందండీ, తప్పు ఆఖరి అడుగులో ఉంది. కారణాంకం తయారవ్వాలంటే ఈ ప్రధాన సంఖ్యల్లోంచి కొన్ని ఏరుకోవాలి. మీ దగ్గర నాలుగు 2లు ఉన్నాయి. ఒక్కటీ తీసుకోకపోవచ్చు, లేదా ఒకటి, రెండు, మూడు, నాలుగు తీసుకోవచ్చు. మొత్తం ఐదు విధాలు. మీరు వదిలేసింది ఆ ‘ఒక్కటీ తీసుకోకపోవడాన్నే’. అలాగే 3కి మూడు విధాలు, మిగతా నాలుగింటికీ రెండేసి. 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. ఏదీ తీసుకోకపోతే మిగిలేది 1, అదీ కారణాంకమే. ‘ఘాతాంకానికి ఒకటి కలిపి గుణించు’ అని పాప చేత బట్టీ పట్టించకండి, వారంలో మరిచిపోతుంది. 36 ఇచ్చి కారణాంకాలన్నీ రాయమనండి.

బొబ్బిలి నుంచి:
సంఖ్యను ఒకసారి చూడండి, 720 పక్కన 720. అంటే 720 × 1001. ఆ 1001 ఏమో 7 × 11 × 13. మూడంకెల సంఖ్య దేన్నైనా రెండుసార్లు పక్కపక్కన రాస్తే ఈ మూడూ అందులో ఉండి తీరతాయి. ఇక 1 నుంచి 16 వరకు అన్నీ భాగించడం యాదృచ్ఛికం కాదు, వాటి క.సా.గు. ఇదే. 17తో మాత్రం శేషం 5. తనకన్నా చిన్న సంఖ్యలన్నింటికన్నా ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యలపై రామానుజన్ 1915లో పెద్ద పరిశోధనా వ్యాసమే ప్రచురించారు. 720720 ఆ కోవలోదే.

మళ్ళీ విజయనగరం నుంచి:
ఒక్కొక్కటీ భాగించి చూస్తానని పాప పట్టుబడితే 848 దగ్గర ఆపేయమనండి. 849 వర్గం 720801, అప్పటికే దాటిపోయింది. 848 లోపు 120 దొరుకుతాయి, ఒక్కోదానికీ అవతల ఒక జత ఉంటుంది. అన్నింటికన్నా దగ్గరి జత 840 × 858.

పలాస నుంచి:
కృతజ్ఞతలు మాస్టారూ. 36కి 1, 2, 3, 4, 6, 9, 12, 18, 36 అని తొమ్మిది రాసింది, 3 × 3తో సరిపోయింది. జతలైతే బేసి సంఖ్య ఎలా వచ్చిందని నన్నే నిలదీసింది. నేను తేల్చుకునేలోపే 6 చుట్టూ సున్నా చుట్టి, దీనికి జత ఇదేనంది.