పశువుల గాలికుంటు వ్యాధికి ఒత్తిడి తగ్గించే పొడి చాలా? టీకా అక్కర్లేదా?

దేవరకొండ రైతు:
వైరస్ ఒత్తిడిని వాడుకొని పెరుగుతుందట, దాణాలో ఈ పొడి కలిపితే ఒత్తిడి పోతుంది, ఇక టీకా ఎందుకని మా ఊరికొచ్చిన ఒకాయన అంటున్నాడు. నిజమేనా? నిరుడు నా బర్రె నోటి నిండా పొక్కులతో జొల్లు కారుస్తూ, పచ్చిగడ్డి ముందేసినా మూతి తిప్పుకుంది. మళ్లీ అది చూడలేను.

పాలమూరు పశువైద్యుడు:
అన్నా, అందులో సగమే నిజం. శాస్త్రవేత్తలు చెప్పే ఒత్తిడి కణానిది, బర్రె అలసట కాదు. వైరస్ చొరబడగానే కణంలోని పీకేఆర్ అనే ప్రొటీన్ దాని జన్యుపదార్థమైన ఆర్ఎన్ఏను పసిగట్టి, కణంలో ప్రొటీన్ల తయారీ ఆపిస్తుంది. దొంగలు పడ్డారని పొయ్యి ఆర్పేసినట్టు. అంటే ఈ ఒత్తిడి కణానికి రక్షణే! గాలికుంటు వైరస్ దాన్ని తనకు లాభంగా తిరగేస్తుంది. లీడర్ ప్రొటియేజ్ అనే ఎంజైముతో కణంలో ప్రొటీన్ల తయారీ మొదలవడానికి కావాల్సిన ఈఐఎఫ్4జీ అనే ప్రొటీన్‌ను కోసేస్తుంది. కణం సొంత వంట ఆగుతుంది, పక్క కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ కూడా తగినంత తయారవదు. వైరస్‌కు మాత్రం ఐరెస్ అనే దొడ్డిదారి ఉంది, తెగిన ముక్కతోనే తన పని నడుపుకుంటుంది. దాణాలో కలిపే పొడి ఆ కోతను ఎలా ఆపుతుంది?

గొర్ల కాపరి, వనపర్తి:
సారూ, అలసటను అంత తేలిగ్గా తీసేయకండి. పెబ్బేరు సంతలో కొని ఎండలో లారీలో కుక్కి తెచ్చిన గొర్లకే మా మందలో పారుడు రోగం ముందొచ్చింది. ఇంట్లో పుట్టినవి తర్వాతే పడ్డాయి.

పాలమూరు పశువైద్యుడు:
అలసటతో రోగనిరోధక శక్తి తగ్గే మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ సంతలో పది మందల గొర్లతో ముక్కూ ముక్కూ రాసుకొని వచ్చాయి కదా. మూడు వారాలు వేరే దొడ్డిలో కట్టారా? కణం తన చెత్తను తానే అరిగించుకునే పనిని కూడా పారుడు వైరస్ వాడుకుంటుందని మేక కణాల మీద ప్రయోగాల్లో తేలింది. ఆ పని ఆరోగ్యంగా ఉన్న కణానికీ కావాలి. దాన్ని మందుతో ఆపితే గొర్రెకే నష్టం. పారుడుకు ఒక్క టీకా సుమారు 3 ఏళ్లు కాస్తుంది. గాలికుంటుకు 6 నెలలకోసారి వేయించాలి.

గొర్ల కాపరి, వనపర్తి:
వేరే దొడ్డి లేదు సారూ. టీకాకు నేను అడ్డం కాదు, ఎండపూట లారీ ఎక్కించొద్దని కూడా మీరు చెప్పాలంటున్నా.

దేవరకొండ రైతు:
నిరుడు టీకా వాళ్లొచ్చిన రోజు, పాలు తగ్గుతాయని బర్రెను చెరువు వైపు తోలేశాను. ఈసారి కట్టుగొయ్యకే కట్టి ఉంచుతా.