బోట్స్వానా మహిళల ఫుట్‌బాల్: అంత చిన్న దేశం ఎట్టా ఎదిగింది?

కావలి శ్రీను: మన పాత నెల్లూరు జిల్లా జనాభా 2011 లెక్కల్లో 29 లక్షల పైనే. బోట్స్వానా దేశమంతా కలిపినా 2022లో 24 లక్షల లోపే. ఆ ఏడాదే వాళ్ల ఆడవాళ్ల జట్టు మొదటిసారి ఆఫ్రికా కప్పుకు పోయి క్వార్టర్ ఫైనల్ ఆడింది. ఎట్టబ్బా? మన హైస్కూలు పిల్లలకు పనికొచ్చేదేమన్నా ఉందా?

ఒంగోలు మాస్టారు: ఆసారి టోర్నీని 8 జట్ల నుంచి 12కి పెంచారు, దారి అక్కడ దొరికింది. గ్రూపులో బురుండిని 4-2తో కొట్టారు. నైజీరియా మీద 0-2, దక్షిణాఫ్రికా మీద 0-1తో ఓడినా మూడో స్థానంతోనే గట్టెక్కారు. క్వార్టర్స్‌లో మొరాకో మీద 1-2. అదృష్టం అని తీసిపారేయొద్దు, పెద్ద జట్లకు ఏ మ్యాచ్‌లోనూ రెండుకు మించి గోల్స్ ఇవ్వలేదు.

కందుకూరు రమ: పిల్లల సంగతికొస్తే, 12 ఏళ్ల లోపు వాళ్లకు 4వ సైజు బంతే ఇయ్యండి. అసలు భయం మోకాలి లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీ. అది తెగడం ఆడపిల్లల్లో ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందేమో ఎదురుగా నిలబడి చూడండి. గాయాలు తగ్గడానికి ఫిఫా తయారుచేసిన 11+ వార్మప్ 20 నిమిషాలు, వారానికి కనీసం రెండుసార్లు. ఒంటికాలి మీద నిలబెట్టడం, దూకి మెత్తగా దిగడం మాత్రం ఎగ్గొట్టనీయొద్దు.

కావలి శ్రీను: ఎండాకాలం?

కందుకూరు రమ: రోహిణి కార్తెలో పొద్దున 7 లోపే ముగించాలి. నేల గట్టిదైతే ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లండి.