మన పద్ధతికి సాఫ్ట్‌వేర్ మారాలా, సాఫ్ట్‌వేర్‌కి మనం మారాలా? (మిర్యాలగూడ రైస్ మిల్లు పంచాయితీ)

మిల్లు_లెక్కలు

అన్నలూ, ఒక పంచాయితీ ఉంది, తెంపండి. మా బాబాయ్ వాళ్లది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు, లెక్కలు నేను చూస్తాను. కాంటా దగ్గర ఒక చిట్టా పుస్తకం, గోదాంలో ఇంకోటి, నా దగ్గర ఎక్సెల్, చివర్లో ట్యాలీ. నాలుగు చోట్ల నాలుగు లెక్కలు, నెలాఖరున కూర్చుని వాటిని కలపడమే నా ఉద్యోగం అయిపోయింది. ఈఆర్‌పీ (కొనుగోలు, గోదాం, అమ్మకం లెక్కలన్నీ ఒకేచోట పెట్టే సాఫ్ట్‌వేర్) పెడదాం అన్నదాకా ఇంట్లో గొడవ లేదు. తర్వాత ఇద్దరు వచ్చారు. ఒకాయన రెడీమేడ్ ప్యాకేజీ తెచ్చి "మీ పద్ధతి మార్చుకోండి, సాఫ్ట్‌వేర్‌ని ముట్టుకోవద్దు" అన్నాడు. రెండోవాళ్లు హైదరాబాద్ కుర్రాళ్లు, "మీరు ఇప్పుడు ఎట్లా చేస్తున్నారో అట్లనే స్క్రీన్ మీద చేసిస్తాం" అంటున్నారు, రేటు దాదాపు రెట్టింపు. బాబాయ్ వాళ్ల వైపే. ముప్పై ఏండ్ల నుంచి వడ్లు కొంటున్నా, ఇప్పుడు కంప్యూటర్ నాకు కొనడం నేర్పుతుందా అంటాడు. యాసంగి కోతలు మొదలయ్యాయి, ఈ సీజన్‌లోనే మొదలుపెట్టేద్దాం అని కూడా అంటున్నాడు. ఎటు పోవాలి?

జడ్చర్ల_స్టోర్స్

తమ్మీ, రెండోవాళ్ల వైపు పోకు. నేను జడ్చర్ల దగ్గర మందుల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తా. మా దగ్గర సిస్టమ్ వచ్చిన కొత్తలో అందరిదీ ఇదే మాట, "మా పని వేరే". క్వాలిటీ వాళ్లు రిలీజ్ కొట్టందే డ్రమ్ము కదలదు, సిస్టమ్ ఒప్పుకోదు. అంతకుముందు ప్రొడక్షన్ నుంచి ఫోన్ వచ్చేది, "అన్నా, రిపోర్టు సాయంత్రానికి వస్తది, ఈలోపు డ్రమ్ము నా దగ్గరికి జరుపు" అని. జరిపేవాళ్లం. రెండు నెలలు సిస్టమ్‌ని తిట్టుకున్నాం గానీ ఇప్పుడు ఏ డ్రమ్ము ఏ బ్యాచ్‌లో పోయిందని ఎవరడిగినా కుర్చీలోంచి లేవకుండా చెబుతాం. మా అలవాటు ప్రకారం చేయించుకుని ఉంటే ఆ ఫోన్ కాల్‌కి కూడా ఒక బటన్ పెట్టించుకునేవాళ్లం.

జర్మనీ సూపర్‌మార్కెట్ల కంపెనీ లిడ్ల్ సంగతి వెతికి చూడు. సరుకు విలువను కొన్న ధర మీద కట్టడం వాళ్ల అలవాటు, వాళ్లు పెట్టించుకున్న ఎస్ఏపీ కంపెనీ రిటైల్ సాఫ్ట్‌వేరేమో అమ్మకం ధర మీద కడుతుంది. మేం మారం, సాఫ్ట్‌వేర్‌నే మార్చండి అన్నారు. 2011లో మొదలుపెట్టి 2018లో మూసేశారు, అప్పటికి దాదాపు 50 కోట్ల యూరోలు అయ్యాయని పేపర్లలో వచ్చింది. అంత డబ్బున్నవాళ్లకే చాతకాలేదు.

ఊకపొయ్యి

స్టోర్స్ అన్నా, మీ డ్రమ్ము 50 కిలోలు వస్తే 50 కిలోలే ఉంటది. మా సరుకు రాత్రికి రాత్రి తగ్గుతది. అక్కడే ఉంది తిరకాసు అంతా.

మాది సూర్యాపేట వైపు మిల్లు. రెడీమేడ్ దాన్నే పెట్టాం, చెప్పినట్టు బుద్ధిగా మమ్మల్ని మేం మార్చుకున్నాం. సాగర్ ఎడమ కాల్వ కింద మిషన్‌తో కోసి ఆరబెట్టకుండా ట్రాక్టర్ నేరుగా మిల్లుకే తెస్తారు కదా, పచ్చి వడ్లు. 25 శాతం తేమ ఉన్నవి 100 క్వింటాళ్లు కాంటా ఎక్కాయనుకోండి, డ్రయ్యర్‌లో 14 శాతానికి దించితే మిగిలేది 87 క్వింటాళ్ల చిల్లర. నీళ్లు ఆవిరైపోయాయి, అంతే. సాఫ్ట్‌వేర్ మాత్రం 100 దింపారు, 87 మిల్లుకి ఎక్కించారు, 13 ఎక్కడ అని ఎర్రరంగులో చూపించింది. రోజూ. పది రోజులకు అది వందల క్వింటాళ్లు అయింది. మా నాన్న ఆ రిపోర్టు పట్టుకుని గోదాం చూసే ఆయన్ని నిలదీశాడు. ఇరవై ఏండ్ల నుంచి మా దగ్గర ఉన్న మనిషి. "సేటూ, నేను నీళ్లు దొంగతనం చేసిన్నా" అని తాళాలు టేబుల్ మీద పెట్టి ఇంటికి పోయాడు. మళ్లీ తీసుకురావడానికి నాన్న రెండుసార్లు వాళ్ల ఊరు పోవాల్సి వచ్చింది.

ఇంకోటి. ఎక్కువ ప్యాకేజీలు నాలుగు సామాన్లు కలిపితే ఒక వస్తువు అన్న లెక్కతోనే ఉంటాయి. కుర్చీ చేస్తే కాళ్లు, పలక, మేకులు. మిల్లులో అది ఉల్టా. ఒక్క వడ్లు వేస్తే బియ్యం, నూకలు, తవుడు, ఊక అన్నీ బయటికొస్తాయి. మా కన్సల్టెంట్ తవుడుని "స్క్రాప్" కింద సున్నా ధరకి రాయించాడు. తవుడు మీద నూనె మిల్లు నుంచి వచ్చే డబ్బెంతో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ లెక్కన బియ్యం ధర గిట్టక మేం ఎప్పుడో మిల్లు మూసుకోవాలి!

అందుకే అంటున్నా, మిల్లుకి మిల్లు సాఫ్ట్‌వేరే కావాలి, చేయించుకోవాల్సిందే.

ట్యాలీ_చాలు

ఒక్క మిల్లుకి ఇంత రచ్చ ఎందుకు? ట్యాలీలోనే గోదాంలు, బ్యాచ్‌లు, మాన్యుఫాక్చరింగ్ జర్నల్ (ఏ సరుకు వేస్తే ఏం తయారైందో రాసే ఎంట్రీ) అన్నీ ఉన్నాయి, నూకలు, తవుడు కూడా బై-ప్రొడక్ట్ కింద రాసుకోవచ్చు. వాడేవాడు లేడు అంతే. లిమిటెడ్ కంపెనీ అయితే మాత్రం ఎవరు చేసిచ్చిన సాఫ్ట్‌వేర్ అయినా ఎంట్రీ ఎప్పుడు దిద్దారో చూపించే ఎడిట్ లాగ్ ఉండాలి, 2023 ఏప్రిల్ 1 నుంచి రూల్. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కి ఆ రూల్ లేదు. ఆ హైదరాబాద్ కుర్రాళ్లని ముందు ఇది అడుగు, ముఖం చూస్తే తెలిసిపోతుంది.

జడ్చర్ల_స్టోర్స్

ఊకపొయ్యి తమ్మీ, గోదాం ఆయన కథ చదివితే బాధేసింది. కానీ తప్పు సాఫ్ట్‌వేర్‌దా? తేమ తగ్గుడు అనేది ఒక స్టెప్ అని మొదటిరోజే రాసి ఉంటే, డ్రయ్యర్‌కి ముందు మీటర్ రీడింగ్, తర్వాత రీడింగ్ ఎక్కించి ఉంటే, ఆ 13 క్వింటాళ్లు "ఆవిరి" అనే పేరుతో పక్కకు పోయేవి. మీరు కొలవలేదు, అది అడిగింది.

చేయించుకున్నవాళ్ల కథ ఒకటి నేనూ చెప్తా. మా బామ్మర్దిది బియ్యం హోల్‌సేల్. వాళ్లకు ఒక పిల్లగాడు ప్రోగ్రామ్ రాసిచ్చాడు, వాళ్లు అడిగినట్టే అచ్చు గుద్దినట్టు. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది కదా, మార్కెట్లోకి 26 కిలోల బస్తాలు దిగాయి. ప్రోగ్రామ్‌లో బస్తా అంటే 25 అని లోపల రాసేసి ఉంది. పిల్లగాడు అప్పటికే అమెరికా. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే వాడికి అర్ధరాత్రి, వీళ్లకు బిల్లింగ్ టైమ్. మూడు వారాలు చేత్తో బిల్లులు రాశారు.

కాంటా_నైట్‌షిఫ్ట్

అందరూ సేట్లు, ఆఫీసువాళ్లే మాట్లాడుతున్నారు, ఎంట్రీ కొట్టేది ఎవరో కూడా వినండి. నేను వేబ్రిడ్జి మీద నైట్ షిఫ్ట్. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. కాంటా డిస్‌ప్లేకి, కంప్యూటర్‌కి మధ్య కేబుల్ వేస్తే బరువు దానంతటదే ఎక్కుతుంది, పెద్ద ఖర్చు కూడా కాదు. అది వేయకుండా డిస్‌ప్లే చూసి చేత్తో కొట్టమన్నారు. రాత్రి రెండింటికి గేటు బయట ముప్పై ట్రాక్టర్లు, ఒక్కో బండికి పద్నాలుగు ఖాళీలు నింపాలి, స్టార్ గుర్తు ఉన్నది వదిలేస్తే సేవ్ కాదు. రైతు పాన్ నంబర్ అడిగింది ఒక బాక్స్! వెండర్, అంటే సరుకు అమ్మేవాళ్లు, అందరూ ఒకటే అట దానికి. ఏం చేశామంటే పుస్తకంలో రాసుకుని తెల్లారి చాయ్ తాగి అన్నీ ఒకేసారి కొట్టేవాళ్లం. పాన్ బాక్స్‌లో అందరికీ ఏఏఏ. తెల్లారి కొట్టినవాటిలో 6210 కి 2610 పడ్డవి ఎన్నో దేవుడికే తెలుసు.

మారేది ఎవరైనా పర్లేదు. ఆ పద్నాలుగు బాక్సులు ఐదు చేయండి.

మిల్లు_లెక్కలు

నైట్‌షిఫ్ట్ అన్నా, నీ పోస్ట్ బాబాయ్‌కి చదివి వినిపించా. కేబుల్‌కి వెంటనే ఒప్పుకున్నాడు.

అసలు చిక్కు ఎక్కడో నాకు ఇప్పుడు తెలుస్తోంది. తరుగు దగ్గర, అంటే తేమకీ మట్టికీ తూకంలో కోసే కోత దగ్గర. బాబాయ్ ట్రాక్టర్ ఎక్కి లోపలిదాకా చేయి పెట్టి గుప్పెడు వడ్లు తీస్తాడు, అరచేతిలో నలిపి ఊదుతాడు, ఒక గింజ పంటి కింద పెట్టి "రెండు కిలోలు" అంటాడు. అంతే. క్వింటాల్‌కి రెండు కిలోలు తరుగు. ఎందుకు రెండు అంటే చెప్పడు. రెడీమేడ్ దాంట్లో తేమ ఎంత, తాలు ఎంత, మట్టి ఎంత అని విడివిడిగా అంకెలు కావాలి, అవి ఇస్తే కోత అదే కడుతుంది. కుర్రాళ్లు మాత్రం "తరుగు అని ఒక బాక్స్ పెడతాం సార్, మీ ఇష్టం ఎంతైనా కొట్టుకోండి" అన్నారు. బాబాయ్‌కి వాళ్లు ఎందుకు నచ్చారో అర్థమైంది కదా.

ఊకపొయ్యి

హహ, మా నాన్నా అంతే. కానీ తమ్మీ, ఒక మాట ఒప్పుకుంటా. ఆ ఒక్క బాక్స్ కోసం రెట్టింపు డబ్బు ఇవ్వకు. ఈఆర్‌పీనెక్స్ట్ లాంటి ఓపెన్‌సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి పెట్టిన) వాటిలో అసలు కోడ్ ముట్టుకోకుండా కొత్త ఖాళీలు కలుపుకోవచ్చు, అక్కర్లేనివి దాచేయవచ్చు, మేం ఇప్పుడు అదే చేస్తున్నాం. నైట్‌షిఫ్ట్ అన్న చెప్పిన పద్నాలుగుని కూడా అట్లనే కోసేయవచ్చు. తవుడు, నూకల ఖర్చు పంచే లెక్క మాత్రం కూర్చుని రాయించుకోవాల్సిందే, దాని మీద నా మాట నాదే. సివిల్ సప్లయ్స్ (ప్రభుత్వ పౌరసరఫరాల శాఖ) వాళ్ల వడ్లు ఆడించడానికి తీసుకుంటారా? అయితే అవి మన సరుకు కాదు, పరాయి సరుకుగా వేరే గోదాం పేరుతో పెట్టాలి. క్వింటాల్‌కి పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు 68 తిరిగి ఇవ్వాల్సిన లెక్క, సొంత వడ్లలో కలిసిందా, ఇక విడదీయలేరు.

జడ్చర్ల_స్టోర్స్

తరుగు బాక్స్ ఉత్తదే పెట్టడానికి నేను ఒప్పుకోను. పక్కన కారణం అని ఇంకో ఖాళీ ఉండాలి. రైతు రేపు అడిగితే ఏం చూపిస్తారు, పంటిగాటా?

ఇంకొకటి, ఈ సీజన్‌లో మాత్రం మొదలుపెట్టకండి. అమెరికాలో హర్షీస్ చాక్లెట్ల కంపెనీ 1999లో సరిగ్గా పండగ ఆర్డర్ల ముందు కొత్త సిస్టమ్ ఎక్కించింది, గోదాంలో సరుకు ఉండి కూడా 10 కోట్ల డాలర్లకు పైగా ఆర్డర్లు పంపలేకపోయింది. మీ పండగ కోతలే. ట్రాక్టర్లు తగ్గాక జులైలో మొదలుపెడితే వానాకాలం వడ్లు వచ్చేసరికి చేయి తిరుగుతుంది.

మిల్లు_లెక్కలు

జులైకి బాబాయ్ సరే అన్నాడు. రెడీమేడా, చేయించుకోవడమా అన్నది ఇంకా తెగలేదు. ఈలోపు కారణం ఖాళీ ఎట్లా ఉంటుందో చూద్దామని పుస్తకంలోనే ఒక గీత గీసి, బాబాయ్ పక్కన నిలబడి నిన్న రాశాను. పదకొండు ట్రాక్టర్లు. ఐదింటికి తేమ అన్నాడు, మీటర్ పెట్టి చూస్తే చాలావరకు కరెక్టే, మనిషి మామూలోడు కాదు. నాలుగింటికి తాలు, మట్టి. మిగతా రెండింటికి ఏం రాయమంటావు బాబాయ్ అంటే, "వాని సంగతి నాకు తెల్వదా, రాసుకో" అన్నాడు. దీనికి ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ కాలమ్ ఉందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.